ఎల్‌ఎల్‌ఎంకి లోన్: నాన్నగారి సంతకం ఉత్త సంతకం కాదు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఎల్‌ఎల్‌బీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కాంట్రాక్టులు పరిశీలించే ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 42,000 వస్తుంది. నా ఖర్చులు 22,000, ఇంటికి 8,000 పంపుతాను, మిగిలింది దాస్తాను. ఎఫ్‌డీ 1.80 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 90 వేలు ఉన్నాయి. కాంట్రాక్ట్ లా స్పెషలైజేషన్‌తో ఏడాది ఎల్‌ఎల్‌ఎం (లా లో మాస్టర్స్) చేయాలని ఉంది. ఫీజు, హాస్టల్, పుస్తకాలు అన్నీ కలిపి 3.60 లక్షలు. ఉద్యోగంలో రెండేళ్ల బాండు ఉంది, ముందే మానేస్తే లక్ష కట్టాలి. కోర్సు మొదలయ్యేసరికి ఇంకా అయిదు నెలలు మిగిలి ఉంటాయి. నాన్నగారు ప్రభుత్వ టీచరు, 14 నెలల్లో రిటైరవుతారు. ఒక ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు, ఇంటి కాగితాలు పెడితే వారంలో మొత్తం ఇప్పిస్తానంటున్నాడు. నాన్నగారి సంతకం ఫార్మాలిటీ మాత్రమేనట. లోన్ తీసుకోవాలా, దాచుకున్నది వాడుకోవాలా? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: ముందు ఇంటి కాగితాల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. నాలుగు లక్షల లోపు విద్యా రుణానికి బ్యాంకులు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. మీకు కావలసింది అంతకన్నా తక్కువే. మరి ఏజెంటు ఎందుకు అడుగుతున్నాడంటే, అతను తెచ్చేది బ్యాంకు విద్యా రుణం కాదు గనక. ‘రిజిస్ట్రేషన్ ఏమీ ఉండదు, కాగితాలు మా దగ్గర ఉంచుకుంటాం, అంతే’ అని కూడా అనే ఉంటాడు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 58 మీరు చదివే ఉంటారు. అప్పుకు హామీగా దస్తావేజులు అప్పగించడమే అక్కడ తనఖా. నాన్నగారికి ఉన్న ఒక్క ఇంటిని మూడున్నర లక్షల కోసం ఇరికించడం నాకు బొత్తిగా నచ్చలేదు.

ఇక సంతకం. విద్యా రుణంలో చాలా బ్యాంకులు తల్లిదండ్రుల చేత గ్యారంటర్‌గా (హామీదారుగా) కాదు, కో-బారోవర్‌గా (తోటి రుణగ్రహీతగా) సంతకం పెట్టిస్తాయి. ఇళ్లలో ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు. గ్యారంటర్‌కి కాంట్రాక్టు చట్టం కొన్ని రక్షణలు ఇచ్చింది. ఉదాహరణకు, ఆయనకు చెప్పకుండా బ్యాంకు, మీరు కలిసి లోన్ షరతులు మార్చుకుంటే, ఆ తర్వాతి లావాదేవీల బాధ్యత ఆయన మీద ఉండదు. అది సెక్షన్ 133. గ్యారంటీ ఫారంలోనే ఈ రక్షణలన్నీ వదులుకుంటున్నట్టు బ్యాంకులు రాయించుకుంటాయనుకోండి, అది వేరే కథ. కో-బారోవర్‌కి అసలు ఆ ప్రశ్నే రాదు. ఆయన కూడా మీలాగే అప్పు తీసుకున్న మనిషి. సెక్షన్ 43 ప్రకారం ఉమ్మడిగా మాట ఇచ్చినవాళ్లలో ఎవరో ఒకరిని పట్టుకుని మొత్తం కట్టమనవచ్చు. ముందు మిమ్మల్ని అడిగి, మీరు ఇవ్వకపోతేనే ఆయన దగ్గరికి వెళ్లాలన్న నియమం లేదు. పైగా ఆ అప్పు ఆయన సిబిల్ రిపోర్టులో, అంటే అప్పుల చరిత్ర చూపే నివేదికలో కూడా కనిపిస్తుంది. రేపు చెల్లి పెళ్లికో ఇంటి రిపేరుకో ఆయన లోన్‌కి వెళితే ముందు మీ ఈఎంఐ లెక్కలోకి వస్తుంది.

సంతకం పెట్టించొద్దని చెప్పడం లేదు. పెట్టించక తప్పదు కూడా. ఏం పెడుతున్నారో ఆయనకు తెలిసి పెట్టాలి, అంతే. అందులోనూ ఒక జాగ్రత్త ఉంది. నాన్నగారి జీతం ఖాతా ఉన్న బ్యాంకులో, రేపు రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీ వేయబోయే బ్యాంకులో ఈ లోన్ తీసుకోకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 171 బ్యాంకుకు ‘జనరల్ లీన్’ ఇస్తుంది. అంటే ఖాతాదారు బాకీ ఉంటే, తన చేతిలో ఉన్న అతని ఆస్తిని పట్టి ఉంచుకోవచ్చు. ఆ లీన్ ఎఫ్‌డీ రసీదులకు కూడా వర్తిస్తుందని 1992లో సిండికేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు రెండు ఈఎంఐలు తప్పితే నాన్నగారి గ్రాట్యుటీ ఎఫ్‌డీ మీద చెయ్యి పడే పరిస్థితి మనకెందుకు? విద్యా రుణాలకు దరఖాస్తు చేసే విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒకే దరఖాస్తుతో మూడు బ్యాంకులకు పంపుకోవచ్చు. ఆ మూడింట్లో నాన్నగారి బ్యాంకు లేకుండా చూసుకోండి. మీ యూనివర్సిటీ పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఉందేమో కూడా చూడండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ఆ పథకంలో తాకట్టు, గ్యారంటరు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఖర్చెంతో చూద్దాం. మీరు 3.60 లక్షలన్నారు. ఏడాది జీతం పోతుంది, అది 5.04 లక్షలు. హైదరాబాద్‌లో మీ ఖర్చులు 2.64 లక్షలు తగ్గుతాయి, ఎందుకంటే తిండి, బస హాస్టల్ లెక్కలో వచ్చేశాయి. కలిపి తీసేస్తే సరిగ్గా ఆరు లక్షలు. బాండు డబ్బు కట్టాల్సి వస్తే ఏడు. ఈ కోర్సు వల్ల జీతం నెలకు పదివేలు పెరిగిందనుకున్నా, ఆరు లక్షలు తిరిగి రావడానికి అయిదేళ్లు పడుతుంది. కాంట్రాక్టులు రాసే, చూసే ఉద్యోగాల్లో ఎల్‌ఎల్‌ఎం ఉందని మాత్రమే పదివేలు పెంచే కంపెనీలు నాకు పెద్దగా కనబడలేదు. అక్కడ ఎన్నేళ్లు, ఎలాంటి ఒప్పందాలు చూశారన్నదే అడుగుతారు. పాఠం చెప్పే వైపు వెళ్లాలని ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మాస్టర్స్‌లో 55 శాతం, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) కావాలి, అక్కడ ఎల్‌ఎల్‌ఎం లేకుండా గుమ్మం దాటలేరు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000. ఈఎంఐ కట్టుకుంటూ పీహెచ్‌డీ చేసుకోవచ్చు. ఎందుకు చదువుతున్నారో ఉత్తరంలో రాయలేదు. జీతం కోసమైతే ఇంకో ఏడాది ఉద్యోగంలో ఉండి ఆలోచించండి. బోధన కోసమైతే, లేదా ఆ సబ్జెక్టు మీద ప్రేమ వల్ల ఆరు లక్షల బరువు తెలిసే వెళ్తున్నారంటే, వెళ్లండి. ఆ ప్రేమ డబ్బు లెక్కకు అందని కారణం, దాన్ని నేను కాదనలేను.

బాండు గురించి మీ స్నేహితులు ‘అవి కోర్టులో నిలబడవు’ అని చెప్పి ఉంటారు. మీకు నేను లా చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే గానీ, 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును నిలబెట్టింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకాలకు ప్రకటనలు, పరీక్షలు పెట్టే సంస్థ, ఆ వాదన మీ కంపెనీకి అచ్చంగా అతకకపోవచ్చు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న లక్ష గరిష్ఠమే, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే రావాలి. నష్టం నిరూపించగలిగే చోట నిరూపించాలని 2015లో కైలాష్‌నాథ్ కేసు చెప్పింది. అయినా కోర్టులో గెలుస్తామని ధీమాగా బడ్జెట్ వేసుకోవడం ప్లానింగ్ కాదు. లక్షా పక్కన పెట్టి బేరానికి కూర్చోండి. 24 నెలల్లో 19 పనిచేశారు, మిగిలిన అయిదు నెలల వాటా కడతానంటే సుమారు 20,800. హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాకే డబ్బు పంపండి. నోటితో ‘చూద్దాంలే’ అంటే దానికి విలువ లేదు.

మీరు అడిగిన లోనా, పొదుపా అన్న దానికి నా జవాబు రెండూ. మూడు లక్షలు లోన్ తీసుకోండి. మిగతా 60 వేలు ఫండ్ల లోంచి తీయండి. ఎఫ్‌డీ 1.80 లక్షల్లో లక్ష బాండుకు, 80 వేలు ఇంటికి పంపే 8,000కి పది నెలలపాటు. బాండు బేరంలో మిగిలింది ఆ ఏడాది చివర పనికొస్తుంది. ఫండ్లలో మిగిలే 30 వేలు ముట్టుకోకండి.

చదువుకునే కాలం, ఆ తర్వాత ఏడాది సాధారణంగా ఈఎంఐ ఉండదు. బ్యాంకుల సంఘమైన ఐబీఏ నమూనా పథకంలో ఆ కాలానికి బారువడ్డీయే వేస్తారు. వడ్డీ 10 శాతం అనుకుందాం. లక్షన్నర మొదట్లో, లక్షన్నర ఆరు నెలలకు విడుదలైతే, రెండేళ్లు పూర్తయ్యేసరికి వడ్డీ 52,500 అవుతుంది. దాన్ని కట్టకుండా వదిలేస్తే అసలులో కలిసి 3,52,500 అవుతుంది. అయిదేళ్లకి ఈఎంఐ సుమారు 7,490. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే ఈఎంఐ 6,374. మొత్తం మీద తేడా 14 వేల పైచిలుకు. కొన్ని బ్యాంకులు మధ్యలో వడ్డీ కట్టేవారికి ఒక శాతం తగ్గిస్తాయి, అది అడగండి. అయినా ఈ 14 వేల కోసం చేతిలో ఉన్న డబ్బు ఊడ్చేసి కట్టొద్దనే నా సలహా. జీతం లేని ఏడాదిలో నగదు విలువ ఎక్కువ.

బ్యాంకు ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ ముఖ్య వివరాల పత్రం) అడిగి తీసుకోండి. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరైన ప్రతి రిటైల్ లోన్‌కీ అది ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అనే గడిలో వడ్డీతో పాటు చార్జీలన్నీ కలిసిన రేటు ఉంటుంది. ఏజెంటు కాగితంలో ఆ గడి ఉందేమో పోల్చి చూడండి, నవ్వొస్తుంది. లోన్‌తో పాటు అంటగట్టే ఒకేసారి కట్టే ఇన్సూరెన్స్ వద్దని చెప్పి, మీ పేరున మామూలు టర్మ్ పాలసీ పాతిక లక్షలకు విడిగా తీసుకోండి. ఈ వయసులో ప్రీమియం తక్కువ. మీకేమైనా అయితే నాన్నగారి మీద పడే బాకీకి అదే అడ్డు.

ఒకవేళ తర్వాత కట్టలేని పరిస్థితి వస్తే, ‘సెటిల్‌మెంట్ చేసుకోండి, సగం మాఫీ’ అంటూ రికవరీ వాళ్లు ఫోన్ చేస్తారు. ఇక్కడ మీ సబ్జెక్టులో ఒక ముచ్చటైన కేసు ఉంది. నిజాం పెద్దకొడుకు ఆజంజాకు నగలు అమ్మిన వ్యాపారి, తనకు రావలసిన దాని కన్నా తక్కువకు, 20 లక్షలకు, పూర్తి బాకీ తీరినట్టు ఒప్పుకుని డబ్బు తీసుకున్నాడు. మళ్లీ మిగతాదానికి దావా వేస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 63 కింద చెల్లదంది సుప్రీంకోర్టు. 1963 రిపోర్టుల్లో ఉంటుంది. తక్కువకు ఒప్పుకున్నా మిగతాది అడగవచ్చన్న ఇంగ్లండులోని 1884 నాటి ఫోక్స్-బీర్ తీర్పుతో పోల్చి చదివితే మన చట్టం అప్పున్నవాళ్ల మీద ఎంత దయ చూపిందో తెలుస్తుంది. కాకపోతే ఆ దయ సిబిల్‌కి లేదు. రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, మీ పేరున, నాన్నగారి పేరునా. అందుకని కట్టలేనప్పుడు ముందు బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని, ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. సెటిల్‌మెంట్ చివరి మాట.

పన్ను సంగతి రెండు ముక్కల్లో. విద్యా రుణం వడ్డీకి 80ఈ అని మనకు అలవాటైన మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే ఉంది, కొత్త పద్ధతిలో లేదు. కొత్తదాంట్లో మీ జీతానికి ఎలాగూ పన్ను పడదు. బ్యాంకులో ఎవరైనా ‘టాక్స్ కలిసొస్తుందమ్మా’ అంటే ఆ మొత్తాన్ని మీ లెక్కలోంచి కొట్టేయండి.