1965 యుద్ధం డ్రా అంటారు కదా, మరి అర్జన్ సింగ్‌కి ఫైవ్ స్టార్ ర్యాంక్ ఎందుకిచ్చారు?

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా చేరి సార్జంట్‌గా రిటైరైనవాణ్ణి, ఈ ప్రశ్న చూసి ఊరుకోలేక రాస్తున్నా.

65లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు మన ఎయిర్‌ఫోర్స్ చీఫ్ అర్జన్ సింగ్. ఆయనకి మార్షల్ ఆఫ్ ద ఎయిర్‌ఫోర్స్ అనే ఆ ఫైవ్ స్టార్ ర్యాంక్ ఇచ్చింది 2002 జనవరిలో, అప్పటికి 82 ఏళ్ళు. ఆర్మీలో కరియప్ప, మానెక్‌షాలకి ఉన్న ఫీల్డ్ మార్షల్‌తో సమానం, మా ఫోర్స్‌లో ఇంకెవరికీ రాలేదు.

ఇక 65 సంగతి. సెప్టెంబర్ 1న పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు జమ్మూ వైపు ఛంబ్ దగ్గర దూసుకొచ్చి అఖ్నూర్ బ్రిడ్జి వైపు వస్తున్నాయి, అది పోతే రాజౌరి, పూంచ్‌లో ఉన్న మనవాళ్ళకి దారి తెగిపోయినట్టే. ఆర్మీ సాయం అడిగింది, రక్షణ మంత్రి చవాన్ ఎంతసేపట్లో వెళ్ళగలరు అంటే అర్జన్ సింగ్ గంటలో అన్నారు. అన్నట్టే ఆ సాయంత్రమే పఠాన్‌కోట్ నుంచి విమానాలు లేచాయి. లేచినవాటిలో పాత వాంపైర్లు ఉన్నాయి, నాలుగు ఆరోజే కూలాయి. తర్వాత వాటిని ఫ్రంట్ నుంచి తీసేశారు. దీన్ని పట్టుకుని ఆయన్ని తప్పుపట్టేవాళ్ళున్నారు కానీ ఆ సాయంత్రం ఆలస్యం చేసుంటే అఖ్నూర్ ఏమయ్యేదో కూడా ఆలోచించాలి కదా.

నేను కొత్తగా చేరినప్పుడు మా సెక్షన్‌లో ఒక పెద్ద వారెంట్ ఆఫీసర్ ఉండేవారు, 65లో కుర్ర ఎయిర్‌మన్‌గా పఠాన్‌కోట్‌లోనే పనిచేశారంట. సెప్టెంబర్ 6 సాయంత్రం పాకిస్తాన్ సేబర్ జెట్లు వచ్చి నేల మీదున్న మన విమానాల్ని పది దాకా తగలబెట్టేశాయి, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. మన వైపు పొరపాట్లు జరిగాయి, దాచాల్సిన పనిలేదు. కానీ మర్నాడు పొద్దున్నే మనవాళ్ళు పాకిస్తాన్ ఎయిర్‌బేస్ సర్గోధా మీదకి వెళ్ళారు చూడండి, చీఫ్ బెదరకుండా నిలబడ్డాడంటే నాకు అర్థమయ్యేది అదే. 46 ఏళ్ళ వయసు అప్పటికి! సైజులో బుల్లి నాట్ విమానాలు సేబర్లని కూల్చడం కూడా ఆ యుద్ధంలోనే.

అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇంఫాల్ వైపు జపాన్ వాళ్ళొస్తే నంబర్ 1 స్క్వాడ్రన్‌ని హరికేన్ ఫైటర్లతో నడిపించి డీఎఫ్‌సీ అనే శౌర్య పతకం తెచ్చుకున్నారు, మౌంట్‌బాటన్ స్వయంగా పెట్టారు ఆ మెడల్. 1945లో కేరళలో ఒక ఇంటి మీదుగా బాగా కిందకి విమానం నడిపారని కోర్ట్ మార్షల్ కూడా ఎదుర్కొన్నారు, ఒక ట్రైనీ పైలట్‌కి ధైర్యమివ్వడానికి అలా చేశారంటారు. 1947 ఆగస్ట్ 15న ఎర్రకోట మీద ఫ్లైపాస్ట్ లీడ్ చేసిందీ ఆయనే. దాదాపు 60 రకాల విమానాలు నడిపిన మనిషి.

మన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967లో జాకిర్ హుస్సేన్ గారు శంకుస్థాపన చేసినప్పుడు చీఫ్ ఈయనే, ఈ సంగతి మన హైదరాబాద్ వాళ్ళకే చాలామందికి తెలీదు. 1969లో 50 ఏళ్ళకే రిటైరై తర్వాత స్విట్జర్లాండ్‌లో రాయబారిగా, ఢిల్లీకి లెఫ్టినెంట్ గవర్నర్‌గా చేశారు.

ఢిల్లీ పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ఎయిర్‌ఫోర్స్ డే నాడు దూరం నుంచి చూశా, ముసలాయన నిటారుగా నడుస్తుంటే మా పక్కన కబుర్లు చెప్పుకునేవాళ్ళు కూడా గప్‌చుప్. 2015లో కలాం గారి పార్థివదేహానికి వీల్‌చైర్‌లోంచి లేచి సెల్యూట్ చేసింది మీరూ టీవీలో చూసే ఉంటారు, అప్పుడు 96.

నాకు మాత్రం అన్నిటికంటే పెద్ద విషయం ఏంటంటే ఆయన ఢిల్లీ దగ్గర తన పొలం అమ్మేసి రెండు కోట్లు పెట్టి రిటైరైన ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ కోసం ట్రస్ట్ పెట్టారు. ఆఫీసర్లకే కాదు, మాలాంటి ఎయిర్‌మెన్ కుటుంబాలక్కూడా. యుద్ధం డ్రానా గెలుపా అని మీరు ఎంతసేపైనా వాదించుకోండి, ఆ ర్యాంక్ ఆయనకి ఇవ్వడంలో మా ట్రేడ్ వాళ్ళలో ఎవరికీ అనుమానం లేదు.