హెర్బీ హాన్‌కాక్ ‘హెడ్ హంటర్స్’ మీకు ఎక్కలేదంటే, ముందు ఫోన్ స్పీకర్ పక్కన పెట్టండి

మీ ప్రశ్న చదివాను. అమెరికా పియానో వాద్యకారుడు హాన్‌కాక్ జాజ్‌కు, ఒంటిని ఊపే లయ ఉండే ఫంక్‌ను కలిపి చేసిన ఈ ఆల్బమ్ గొప్పదని అందరూ అంటున్నారు, మీరు రెండుసార్లు విన్నారు, పాడేవాళ్ళు లేరు, ఒకే ముక్కను పావుగంట తిప్పుతున్నట్టుంది, ఆఫ్రికా రిథమ్స్ అంటున్నవి ఎక్కడున్నాయో తెలియలేదు అన్నారు. మొదటిసారి విన్నప్పుడు నాదీ అదే మాట. ఇప్పుడు నేను ఎక్కువసార్లు విన్న ఆల్బమ్ ఇదే.

మాకు నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి. రాత్రిళ్ళు కాపలా నాదే. కరెంటు పోయి, నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలన్నీ పైకి తేలతాయి, అందుకని నిద్రపోకుండా ఏదో ఒకటి వింటూ కూర్చుంటాను. ఒకసారి షెడ్డులో ఫోన్ స్పీకర్లో ఈ ఆల్బమ్ మొదటి పాట ‘కెమీలియన్’ పెట్టాను. ఏరేటర్ల హోరులో సన్నగా ఏదో చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆపేశాను. కొన్నాళ్ళకు మా అక్క కొడుకు సంక్రాంతికి వచ్చి, వెళ్తూ తన హెడ్‌ఫోన్స్ మర్చిపోయాడు. అవి పెట్టుకుని అదే పాట వింటే వేరే పాట అనిపించింది. ఆ పాటకు ప్రాణం అడుగున ఉన్న బేస్. ఫోన్ స్పీకర్ పలకలేనిది సరిగ్గా ఆ కింది స్వరాలే. మీరు దేంట్లో విన్నారో రాయలేదు కానీ, నా అనుమానం మాత్రం అదే.

పాట మొదట్లో వినపడే ఆ బేస్, గిటార్ మీద వాయించింది కాదు. హాన్‌కాక్ ఏఆర్‌పీ ఒడిస్సీ అనే సింథసైజర్ మీద వాయించాడు. అది తిరుగుతుండగా హార్వీ మేసన్ డ్రమ్స్ వస్తాయి, పాల్ జాక్సన్ అసలు బేస్ గిటార్ తీసుకుని కింద కాకుండా పైన గిటార్‌లా అల్లుతాడు, క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డు చేరుతుంది, ఆ తర్వాత బెన్నీ మాపిన్ శాక్సఫోన్. ఎవరూ ఎవరినీ తొక్కుకుంటూ పోరు. ఒకరు వదిలిన ఖాళీలో ఇంకొకరు పలుకుతారు.

ఇది నాకు తొందరగానే అర్థమైంది, ఎందుకంటే మా నాయన చెక్కభజన గురువు. చిన్నప్పుడు నేనూ గుండ్రంలో నిలబడి అడుగులు వేశాను. చెక్కభజన చూసినవాళ్ళకు తెలుసు, ఒకే చరణం ఎన్నిసార్లు తిరిగినా విసుగు రాదు. పాట మారకపోయినా అడుగు మారుతుంది, వేగం మారుతుంది, చెక్కల దెబ్బ ఒక చోట విరిగి ఇంకో చోట పడుతుంది. మనం పాటలో వరస కోసం వెతుకుతాం, ఆ అలవాటు సినిమా పాటల నుంచి వచ్చింది. ఇక్కడ వరస కోసం వెతికితే పావుగంట భారమే. ఒక్క మనిషిని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా అతన్నే వినండి. నేను ఒక రాత్రంతా మేసన్ డ్రమ్స్ ఒక్కటే విన్నాను.

ఇక ఆఫ్రికా సంగతి. బిల్ సమ్మర్స్ అనే అతను వాయించే వాయిద్యాల్లో ఉంది అది. ఎండిన సొరబుర్ర చుట్టూ పూసల వల అల్లిన షెకెరే, ఘనా వైపు వాడే జంట గంట గాంకోగుయి, చెక్క పలకల బాలఫోన్. అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది ‘వాటర్‌మెలన్ మ్యాన్’ మొదట్లో. ఆ హూ, హూ అనే శబ్దం సమ్మర్స్ ఖాళీ బీరు సీసా ఊదుతూ, మధ్యమధ్యలో గొంతు కలిపి చేసింది.

ఈ ముక్క ఒక సాయంత్రం బ్లూటూత్ స్పీకర్లో పెట్టాను. నాయన నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. లేచి కూర్చుని, "ఏందిరా అది, బొప్పాయి కాడ బూరనా?" అన్నాడు. కాదు నాయనా, సీసా అన్నాను. నమ్మలేదు. మోటారు షెడ్డు పక్కన ఉన్న బొప్పాయి చెట్టు నుంచి ఒక కాడ విరిచి, ఆకు తుంచేసి, పాలు కారుతుంటే పంచెకు తుడిచి, మూతి దగ్గర పెట్టి ఊదాడు. హూ అని ఒక్క స్వరం వచ్చింది. దాని వెంటనే గొంతుతో ఇంకో స్వరం అన్నాడు. మళ్ళీ కాడ, మళ్ళీ గొంతు.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. సమ్మర్స్ అనుకరించింది సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ అడవుల్లో ఉండే బాబెంజెలే జనం సంగీతాన్ని. వాళ్ళ హిందెవూ బొప్పాయి కాడతో చేసిన ఒంటి స్వరపు ఈల. సిమ్హా ఆరోమ్ అనే పరిశోధకుడు 1960లలో వాళ్ళ పాటలు రికార్డు చేశాడు, ఆ రికార్డు నుంచే ఈ ఆలోచన వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. బాధ కూడా కలిగింది. హాన్‌కాక్ ఆల్బమ్ 1973లో వచ్చి లక్షల్లో అమ్ముడైంది, ఆ ఈల ఊదిన అడవి మనుషులకు దానిలో దక్కింది ఏమిటని స్టీవెన్ ఫెల్డ్ అనే ఆయన 1996లో పెద్ద వ్యాసమే రాశాడు. ఆల్బమ్ మీద ఇష్టం ఎంత ఉన్నా ఈ మాట దాచకూడదని నా అభిప్రాయం.

‘వాటర్‌మెలన్ మ్యాన్’కు ఇంకో సంగతి ఉంది. దాన్ని హాన్‌కాక్ మొదట 1962లోనే మామూలు జాజ్ పద్ధతిలో రికార్డు చేశాడు. చికాగోలో తన చిన్నతనంలో రాళ్ళ బాట మీద పుచ్చకాయల బండి చక్రాల చప్పుడు, కాయలమ్మే మనిషిని పిలిచే ఆడవాళ్ళ కేక, వాటి నుంచి పుట్టిందని ఆయనే చెప్పాడు. రెండు రికార్డింగులూ పక్కపక్కన వినండి.

అందరికీ అన్నీ నచ్చవు. ఒంగోలులో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే నా స్నేహితుడికి ‘కెమీలియన్’ అంటే పిచ్చి. సగం దాకా రెండే కార్డ్స్ (కలిపి పలికించే స్వరాల గుంపులు), బీ ఫ్లాట్ మైనర్, ఈ ఫ్లాట్, వాటి మీదే ఇంత కట్టాడని ఎప్పుడూ చెబుతాడు. ఇదే ఆల్బమ్‌లోని ‘స్లై’ నాకు ఇప్పటికీ ఊపిరాడనివ్వదు, వేగం ఎక్కువ. ‘వీన్ మెల్టర్’ పగలు వినొద్దు. రాత్రి రెండు దాటాక, గుంట మీద మంచు దిగుతున్నప్పుడు వింటే ఆ మాపిన్ బేస్ క్లారినెట్ నీళ్ళ మీద నుంచి వస్తున్నట్టే ఉంటుంది.

మీరు వరుస మార్చి ‘వాటర్‌మెలన్ మ్యాన్’తో మొదలుపెట్టండి, ఆరున్నర నిమిషాలే. మధ్యలో ఆపకండి. ఆ సీసా చివర్లో మళ్ళీ వస్తుంది.