కొనేముందు ఒకసారి విప్పి చూడు

చిరంజీవి అల్లుడికి,

నీ ఉత్తరం అందింది. సైకిలు వెనక చక్రం గరగరమంటోంది, హబ్బు పోయింది, కొత్తది ఏది కొనమంటావు మామయ్యా అని అడిగావు. పోయిందని నీకెవరు చెప్పారురా? హబ్బంటే చక్రం నడుమ, ఇరుసు మీద తిరిగే దిమ్మె. గరగరమన్న ప్రతి హబ్బూ పోయినట్టు కాదు. గ్రీజు ఎండిపోయినా అలాగే అరుస్తుంది. కొనే సంగతి కాసేపు పక్కన పెట్టు. బండి నిలబెట్టి, రిమ్ము పట్టుకుని పక్కలకి ఊపి చూడు. ఎక్కడ పట్టుకున్నా టకటకమని ఊగితే హబ్బు లూజు. ఊగకుండా, తిప్పినప్పుడు ఒక్కచోట మాత్రమే వంకరగా పోతుంటే అది చువ్వల పని, హబ్బుకి సంబంధం లేదు.

ఆ తర్వాత చక్రం ఊడదీసి, ఇరుసు కొసలు రెండూ వేళ్ళతో పట్టుకుని మెల్లగా తిప్పు. ఈ పని చెవితో కాదు, వేళ్ళతో చెయ్యాలి. ఇసుక నలుగుతున్నట్టుంటే లోపలికి మట్టి చేరింది. తిప్పేకొద్దీ బిగువు తగులుతుంటే కోన్లు, అంటే ఇరుసు మీద మర చుట్టి ఎక్కే శంకు ఆకారపు ముక్కలు, మరీ బిగిశాయి. ఒకేచోట చిన్న గుంటలో పడి లేచినట్టు పదేపదే తగిలితే, అప్పుడు మాత్రం నువ్వన్నది నిజం కావచ్చు.

హబ్బులు ప్రధానంగా రెండు రకాలు. ఒకదాంట్లో హబ్బు లోపల గిన్నెలాంటి కప్పు, ఇరుసు మీద కోను, మధ్యన విడి బాల్స్, అంటే ఉక్కు గుండ్లు. రెండోదాంట్లో బాల్సూ రింగులూ అన్నీ కలిపి ఒకే బేరింగుగా వస్తాయి, కార్ట్రిడ్జ్ అంటారు. విడి బాల్సంటే పాతకాలపు సరుకని చులకనగా చూసేవాళ్ళున్నారు. వాళ్ళ మాట పట్టించుకోకు. సైకిలు భాగాలు చేసే షిమానో కంపెనీ వాళ్ళు ఇప్పటికీ చాలా హబ్బుల్లో ఇదే పద్ధతి వాడుతున్నారు. నీ బండి బొమ్మ చూస్తే నీదీ అదే అనిపిస్తోంది.

విప్పేటప్పుడు కింద పాత గుడ్డ పరుచుకో, లేకపోతే బాల్స్ గదంతా పరిగెడతాయి. ఎడమవైపు నట్టూ కోనూ మాత్రమే విప్పు. కుడివైపుది కదపకుండా ఇరుసుతో పాటు బయటికి లాగెయ్. అలా చేస్తే బిగించేటప్పుడు ఇరుసు ఏ వైపు ఎంత బయటికి ఉండాలో మళ్ళీ కొలుచుకునే బాధ ఉండదు. మామూలుగా ముందు చక్రంలో వైపుకి 10 చొప్పున 3/16 అంగుళం బాల్స్, వెనక వైపుకి 9 చొప్పున పావు అంగుళం బాల్స్ ఉంటాయి. అయినా నా లెక్క నమ్మకుండా తీసేటప్పుడు నువ్వే లెక్కపెట్టుకో.

కిరసనాయిల్లో కడిగి తుడిచాక దీపం కింద కోను చూడు. బాల్స్ తిరిగిన దారి సన్నటి మెరుపు గీతలా కనిపిస్తే బాగుంది. ఆ గీతలో సూదితో పొడిచినట్టు గుంటలుంటే కోను మార్చెయ్. కప్పు మాత్రం చాలా హబ్బుల్లో లోపల నొక్కి కూర్చోబెట్టి ఉంటుంది, విడిగా మార్చేది కాదు. కప్పు గుంటలు పడిందంటే హబ్బు కథ ముగిసినట్టే. అందుకే కోను మార్చడంలో పిసినారితనం పనికిరాదు. బాల్స్ బాగున్నట్టు కనిపించినా కొత్తవి వెయ్యి, గ్రేడ్ 25వి అడుగు. ఒక పక్కకి ఒకే పొట్లంలోవి వాడు. పాతవీ కొత్తవీ కలిపితే, వెంట్రుకలో వందో వంతు పెద్దదైన బాలే బరువంతా మోస్తుంది.

గ్రీజు ధారాళంగా పెట్టు. ఎక్కువైంది బయటికొస్తుంది, తుడిచేస్తే సరి. అన్నట్టు, ఓవర్‌హాలింగు మన నోట్లో పడి ఓవరాయిలింగు అయింది. పేరు విని నూనె పోసేవాళ్ళని చూశాను. నూనె పోస్తే ఉన్న గ్రీజు కాస్తా పలచబడి కారిపోతుంది.

ఇక బిగింపు. నేను హబ్బు పాడుచేసింది ఇక్కడే. కొత్తగా పని నేర్చుకున్న రోజుల్లో, చక్రం చేతిలో ఉండగానే లూజు చుక్క కూడా లేకుండా కోన్లు బిగించి, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. అది క్విక్ రిలీజ్ చక్రం, అంటే పానా అక్కర్లేకుండా లీవరుతో బిగించేది. ఆ లీవరు బిగించినప్పుడు బోలు ఇరుసు రవ్వంత నొక్కుకుపోతుంది, కోన్లు మరికాస్త లోపలికి జరుగుతాయి. ఆ ముక్క నాకప్పుడు తెలీదు. ఒక్క ఏడాదిలో రెండు కప్పులూ గుంటలు పడ్డాయి. కాబట్టి క్విక్ రిలీజ్ అయితే చేతిలో ఉన్నప్పుడు పిసరంత లూజు ఉంచు. బండికి ఎక్కించి లీవరు వేశాక అది మాయం కావాలి. మాయం కాకపోతే ఇంకో పిసరు బిగించు. రెండు వైపులా నట్లతో బిగించే గట్టి ఇరుసైతే ఆ వెసులుబాటు ఉంచక్కర్లేదు.

దీనికి పల్చటి కోను పానాలు కావాలి. ముందుకి 13, వెనక్కి 15 ఎక్కువగా సరిపోతాయి. కోను కదలకుండా దాని మీద బిగించే పై నట్టుకి చాలావాటిల్లో 17. పై నట్టు బిగిస్తుంటే కోను కూడా దాంతో తిరిగి నీ లెక్క తప్పిస్తుంది. నాకు ఇప్పటికీ మూడు నాలుగుసార్లు పడుతుంది. చివర్లో చక్రం బండికి ఎక్కించి వదిలిపెట్టు. బరువైన వైపు దానంతటదే కిందికి దిగి, అటూ ఇటూ ఊగి ఆగితే కుదిరినట్టు.

కార్ట్రిడ్జ్ హబ్బు నీ చేతికొస్తే పని తక్కువ, జాగ్రత్త ఎక్కువ. బేరింగు మూత మీద నంబరుంటుంది. 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మిల్లీమీటర్లు. 6001 అంటే 12, 28, 8. హబ్బు కంపెనీ పేరు చెప్పి వెతకడం దేనికి, ఈ నంబరు చెబితే చాలు. వెనకాల 2ఆర్ఎస్ అని ఉన్నది తీసుకో, రెండు వైపులా రబ్బరు మూతలుంటాయి. ఎక్కించేటప్పుడు బయటి రింగునే నొక్కాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్స్ మీదుగా వెళ్ళి కొత్త బేరింగుకే నొక్కులు పడతాయి. కొట్టి బయటికి తీసినదాన్ని మళ్ళీ వాడకు.

నీ స్నేహితుడి హబ్బు తేనెటీగల తుట్టెలా మోగుతోందని, అదే కావాలని రాశావు. వెనక హబ్బులో పళ్ళచక్రాలు ఎక్కే భాగం ఫ్రీహబ్బు, తొక్కితే చక్రాన్ని పట్టి తిప్పుతుంది, ఆపితే వదిలేస్తుంది. ఆ మోత దాని లోపల పాల్స్ అనే చిన్న కొక్కాలు పళ్ళ మీద దూకే చప్పుడు. దానికీ నాణ్యతకీ లంకె లేదు. చుట్టూ 18 పట్టు స్థానాలుంటే పెడలు నొక్కాక పట్టు దొరికేలోపు ఫ్రీహబ్బు 20 డిగ్రీల దాకా ఖాళీగా తిరగొచ్చు, 36 ఉంటే 10 డిగ్రీల దాకా. రోడ్డు మీద తొక్కేవాడికి 36 దండిగా సరిపోతుంది. మోత తగ్గుతుందని లోపల చిక్కటి గ్రీజు కూరకు. నేను కూరాను. ఒక చలి ఉదయం ఎత్తు ఎక్కుతూ లేచి నిలబడి తొక్కాను. గ్రీజు బిగుసుకుని పాల్స్ లేవలేదు. పెడలు ఒక్కసారిగా జారిపోయింది, పైగొట్టం మీద పడ్డాను. వివరాలు అడక్కు. అక్కడ పల్చటి నూనెగానీ ఫ్రీహబ్బుకని అమ్మే పల్చటి గ్రీజుగానీ, అదీ కొంచెమే.

ఇంతా చేసి కప్పు పోయిందని తేలితేనే కొనే మాట. ముందు నీ ఫ్రేము వెనక కాళ్ళ మధ్య ఎడం కొలువు. 130, 135, 142, 148 మిల్లీమీటర్లని రకాలున్నాయి, ఒకదానికి బదులు ఇంకోటి సరిపోదు. ఉన్న రిమ్మే వాడాలంటే దాని రంధ్రాల లెక్కే హబ్బుకీ ఉండాలి. కొత్తగా కట్టించుకుంటే, సామాన్లు వేసుకు తిరిగేవాడివి కాబట్టి 32కి తగ్గొద్దు, 36 ఇంకా మంచిది. చువ్వ తల వంగి ఉండే మామూలు రకమే తీసుకో. నిటారు చువ్వల హబ్బు చూడ్డానికి బాగుంటుంది, ఒక చువ్వ తెగినరోజు దానికి జత వెతకలేక తిరుగుతావు.

మర చుట్టి ఎక్కించే ఫ్రీవీలు హబ్బు మాత్రం వద్దు. అందులో కుడివైపు బేరింగు ఫ్రేముకి దూరంగా లోపలికి ఉండిపోతుంది, బరువు పడితే ఇరుసు వంగుతుంది. 1978లో షిమానో వాళ్ళు తెచ్చిన ఫ్రీహబ్బులో ఆ బేరింగు అంచుకి జరిగింది, ఆ బెడద తగ్గింది. ఫ్రీహబ్బు ఒంటికి అల్యూమినియం తేలికే గానీ పళ్ళచక్రాలు దాన్ని కొరుకుతాయి. నీకు ఉక్కుదే నయం. మరొక్కటి, కోన్లూ ఫ్రీహబ్బూ విడిగా దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే డబ్బులియ్యి. దొరకవంటే ఎంత మెరిసినా ముట్టుకోకు.

ఈ ఆదివారం విప్పు. కడిగాక ఎడమ కోనునీ రెండు కప్పుల్నీ దగ్గరగా ఫొటోలు తీసి పంపు. గుంటలున్నాయో లేవో చూసి చెబుతాను. అందాకా ఏమీ కొనకు. గొట్టంతో హబ్బు మీద జోరుగా నీళ్ళు కొట్టే అలవాటు నీకుందని మీ అమ్మ చెప్పింది, అదీ మానెయ్.

ఆశీస్సులతో,
మీ మామయ్య