ఉపవాసంలో కండరాల గ్లైకోజెన్ రక్తంలోకి ఎందుకు రాదు?

పెద్దవాళ్ల కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ (ఒంట్లో గ్లూకోజును గొలుసులుగా దాచుకునే రూపం) ఉంటే, కండరాలన్నిటిలో కలిపి 400 గ్రాముల దాకా ఉంటుంది. అయినా రక్తంలో షుగర్ పడిపోకుండా ఆదుకునేది కాలేయమే. తేడా అంతా ఒక్క ఎంజైములో ఉంది.

రెండు చోట్లా ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము గ్లైకోజెన్ కొమ్మల చివర్ల నుంచి ఒక్కో గ్లూకోజును తెంపుతుంది. తెంపేటప్పుడే దానికో ఫాస్ఫేటు తగిలిస్తుంది. అది అంటుకుని ఉన్నంతసేపు గ్లూకోజు కణం పొర దాటి బయటికి పోలేదు. ఆ ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైము, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్, కాలేయంలో ఉంది (కిడ్నీలో కూడా), కండరంలో లేదు. కాబట్టి కండరం నిల్వ కండరానికే, పరుగులకీ బరువులకీ.

ఈ ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలకు (వాన్ గియర్కే వ్యాధి) కాలేయం నిండా గ్లైకోజెన్ ఉన్నా, కొన్ని గంటలు తిండి లేకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే వాళ్లకు ఉడికించని కార్న్‌ఫ్లోర్ నీళ్లలో కలిపి పడతారు, మెల్లగా అరుగుతుందని.