ఆ సర్టిఫికెట్‌కు 18 వేలు పెట్టకండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక తండా. నల్లగొండలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఆన్‌లైన్‌లో 'కల్చరల్ కాంపిటెన్స్' కోర్సు చెబుతామని, ఆ సర్టిఫికెట్ ఉంటే విదేశాల్లో నర్సు ఉద్యోగం తేలికగా వస్తుందని అంటున్నారు. ఫీజు 18 వేలు. నాన్న అప్పు తెచ్చి కడతానంటున్నాడు. చేరమంటారా? ఇంకో మాట. వార్డుకు లంబాడీ పేషెంట్లు వస్తే సిస్టర్లు నన్నే పిలిచి మాట్లాడిస్తారు. అది నా పనేనా?

జవాబు: చేరకండి. నాన్నగారికి ఈ రోజే ఫోన్ చేసి అప్పు వద్దని చెప్పండి.

విషయం పనికిరానిదని కాదు. రోగి భాష, తిండి, నమ్మకం, ఇంటి పరిస్థితి తెలుసుకుని దానికి తగ్గట్టు సేవ చేయడం నర్సుకు సూది వేయడమంత అవసరం. న్యూజిలాండ్‌లో ఇరిహపేటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు దీనికోసం పట్టుబట్టారు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దీన్ని చదువులో తప్పనిసరి చేసింది. మన ఎంబీబీఎస్‌లో కూడా 2019 నుంచి ఎట్‌కామ్ పేరుతో రోగితో మెలిగే తీరు, మాట్లాడే తీరు నేర్పుతున్నారు. మీ బీఎస్సీలో సోషియాలజీ, సైకాలజీ, కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ ఉన్నవి ఇందుకే. పరీక్షకు ముందు రాత్రి బట్టీ పట్టి వదిలేస్తాం కాబట్టి అవి ఎందుకున్నాయో తెలియదు.

ఉద్యోగం సంగతికొస్తే, బ్రిటన్ వెళ్లాలంటే ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష, ఆ తర్వాత అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెట్టే కంప్యూటర్ పరీక్ష, ప్రాక్టికల్ పరీక్ష. జర్మనీకైతే జర్మన్ భాష. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పిస్తోంది, ముందు అక్కడ అడగండి. ఇక్కడే ఉండాలనుకుంటే, 2024 నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 80 మార్కులు, కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. మీ 18 వేల సర్టిఫికెట్‌కు మార్కులు ఎక్కడున్నాయి?

అసలు చదువు మీరు డ్యూటీ చేసే వార్డులోనే ఉంది. షుగర్ పేషెంటును 'ఏం తింటున్నారు?' అని అడిగితే 'అన్నమే సిస్టర్' అంటుంది, మీరు రాసుకుంటారు, అయిపోయింది. 'నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారు?' అని అడగండి. జొన్న రొట్టె, గొడ్డు కారం, నాలుగుసార్లు చక్కెర టీ, సాయంత్రం కల్లు, అన్నీ బయటికొస్తాయి. ఓట్స్ తినమని చెప్పిన కాగితం ఆమెకెందుకు? జొన్న రొట్టె మానొద్దు, కొలత చూసుకో, టీలో చక్కెర తీసేయ్ అంటే ఆమె చేయగలుగుతుంది. షుగర్ రోగి రంజాన్ ఉపవాసం ఉండేవారైతే, మాత్రల వేళ మార్చాలా, అసలు ఉపవాసం ఉండొచ్చా అని నెల మొదలవకముందే డాక్టరుతో మాట్లాడించాలి. ఉపవాసం మొదలయ్యాక మందలించి లాభం లేదు.

బాలింతల వార్డులో ఇంకా జాగ్రత్త. బిడ్డ నడుముకు నల్ల తాడు కడితే మీకేం నష్టం? వదిలేయండి. కానీ ముర్రుపాలు పిండి పారబోస్తుంటే, బిడ్డ నాలుకకు తేనె రాస్తుంటే అక్కడ ఆగాలి. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలి, ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. ఈ మాట కోడలికి చెబితే సరిపోదు, మంచం పక్కన కూర్చున్న అత్తకు చెప్పాలి. ఇంటికెళ్లాక నిర్ణయం ఆమెదే. అమ్మవారు పోసిందని వేపాకు పరిచి పడుకోబెట్టిన పిల్లాడి దగ్గర వేపాకు తీసేయమని గొడవ పెట్టుకోకండి. ఊపిరి ఎగపోస్తున్నాడా, నీళ్లు తాగుతున్నాడా చూడండి.

మన పాలమూరు, నల్లగొండల్లో ఏ విదేశీ కోర్సులోనూ రాయని ప్రశ్న ఒకటుంది: 'పనికి ఎప్పుడు పోతారు, ఎక్కడికి?' మామూలు టీబీకి ఆరు నెలల మందులు. రెండో నెలలో ముంబయికో పుణెకో వలస పోయే మనిషికి 'వచ్చే నెల రండి' అని రాసిస్తే ఆ మందులు ఆగిపోయినట్టే. టీబీ రోగుల కోసం ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోర్టల్‌లో వివరాలు ఉంటాయి కాబట్టి వెళ్లే చోటికి చికిత్స బదిలీ చేయించవచ్చు. ఆ ప్రశ్న అడిగితేనే.

మీరు లంబాడీ అమ్మాయి కాబట్టి ఇవన్నీ మీకు వచ్చేసినట్టు అనుకోవద్దు. మీకు మీ తండా తెలుసు. నల్లమలలో మన్ననూరు వైపు చెంచుల గూడేలైన పెంటలు, నారాయణపేట వైపు కన్నడ మాట్లాడే ఇళ్లు, నల్లగొండ పాతబస్తీలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు మీకూ కొత్తే. కమ్యూనిటీ పోస్టింగులో ఎవరూ వెళ్లని ఊరు అడిగి తీసుకోండి. అక్కడి ఆశా కార్యకర్త వెంట ఇళ్లు తిరిగి, చూసింది నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. స్టూడెంట్‌గా అది మీ డ్యూటీ కాదు, కానీ కాదనకండి. లంబాడీల భాష గోర్‌బోలి వచ్చిన నర్సు దొరకడం కష్టం, రెజ్యూమెలో ఆ భాష పేరు రాయండి, సిగ్గెందుకు? అయితే పద్ధతి తెలుసుకోండి. పేషెంట్ చెప్పిందంతా సిస్టర్‌కు చెప్పాలి, కుదించకూడదు, మధ్యలో మీ సలహా కలపకూడదు. మందు మోతాదు చెప్పాక 'అర్థమైందా?' అని అడగకండి, అందరూ తలూపుతారు. 'ఇంటికెళ్లి ఎలా వేసుకుంటావో నాకు చెప్పు యాడీ (అమ్మా)' అనండి. ఆపరేషన్ సంతకం విషయమైతే డాక్టరు పక్కన ఉంటేనే మాట్లాడండి, ఆ బరువు స్టూడెంట్ మీద వేయనివ్వకండి. అన్నిటికంటే ముందు, తండాల్లో చుట్టరికాలు మీకు తెలియనివి కావు. గర్భం, తాగుడు, ఇంట్లో కొట్టడం లాంటి మాటలు మీ ముందు చెప్పడానికి ఆమెకు భయం ఉండొచ్చు. 'నేను ఉండొచ్చా, వేరేవాళ్లను పిలవమంటావా?' అని అడగండి. వద్దంటే సిస్టర్‌కు చెప్పి పక్కకు తప్పుకోండి.