‘ద్వారా’నా, ‘వల్ల’నా?

ప్రశ్న: పిల్లల మూర్ఛవ్యాధి గురించి తల్లిదండ్రుల కోసం కరపత్రం రాస్తున్నాను. ‘ఎస్‌టీఎక్స్‌బీపీ1 జన్యువు ద్వారా ఫిట్స్ వస్తాయి’, ‘ఇది తల్లిదండ్రుల వల్ల పిల్లలకు సంక్రమిస్తుంది’ అని రాశాను. మొదటి వాక్యంలో ‘వల్ల’ అనాలని స్నేహితురాలు దిద్దింది. రెండూ ఒకటే కదా?

జవాబు: ఒకటి కాదండీ. ‘ద్వారా’ దారినో సాధనాన్నో చెబుతుంది, ‘వల్ల’ కారణాన్ని చెబుతుంది. మీ విషయంలో రెండింటికీ చోటుంది. మెదడులో ఒక నాడీకణం నుంచి ఇంకోదానికి కబురు చేర్చే రసాయనాలు వెసికిల్స్ అనే బుల్లి తిత్తుల్లో నిల్వ ఉంటాయి. ఒక్కో తిత్తి అడ్డుకొలత సుమారు 40 నానోమీటర్లే. అది కణం అంచుకు చేరి, అక్కడి పొరలో కలిసిపోతేనే లోపలి రసాయనం బయటపడుతుంది. ఆ కలయికకు తప్పనిసరైన ప్రొటీన్ ఈ జన్యువు నుంచే తయారవుతుంది. అందుకని ‘తిత్తుల ద్వారా కబురు చేరుతుంది’ అంటే చక్కగా ఉంటుంది. ఫిట్స్ విషయంలో మీరు చెప్పదలచింది కారణం కాబట్టి అక్కడ ‘వల్ల’ కావాలి. మీ స్నేహితురాలు దిద్దింది సబబే.

అయినా ‘జన్యువు వల్ల ఫిట్స్’ అంటే నేను ఒప్పుకోను. ఆ జన్యువు మనందరిలోనూ ఉంది, తొమ్మిదో క్రోమోజోమ్ జతలో, రెండు ప్రతులుగా. ఒక ప్రతి చెడితే మిగిలినదాని నుంచి వచ్చే ప్రొటీన్ చాలదు. దాంతో మెదడు ఎదుగుదల కుంటుపడుతుంది, చాలామంది పిల్లలకు ఫిట్స్ కూడా వస్తాయి. నెలల పసికందుల్లో కనిపించే తీవ్రమైన మూర్ఛవ్యాధి అయిన ఓతహారా సిండ్రోమ్‌కు ఈ లోపంతో సంబంధం ఉందని జపాన్ పరిశోధకులు 2008లో వెల్లడించారు. కాబట్టి ‘జన్యువులో లోపం వల్ల’ అని పూర్తిగా రాయండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ రెండో వాక్యం. ‘మీ వల్ల మేలు జరిగింది’ అన్నా, ‘నీ వల్లే ఇదంతా’ అన్నా, ‘వల్ల’ చేరగానే బాధ్యత మనిషి మీద పడుతుంది. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రి వరండాలో కూర్చున్న తల్లి ఆ మాట చదివితే ఏమైపోతుంది? ‘తల్లిదండ్రుల ద్వారా’ అని మార్చినా సరిపోదు. అప్పుడు వ్యాకరణం కుదురుతుంది గానీ విషయం తప్పుతుంది. ‘చాలామంది పిల్లల్లో ఈ లోపం కొత్తగా ఏర్పడిందే, తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు’ అని రాయండి. వీలైతే కరపత్రంలో మొదటి వాక్యం అదే పెట్టండి.