అమెరికాలో వసంతకాలపు టర్కీ వేట: పుంజు బదులిస్తుంది కానీ దగ్గరికి రాదు, ఎందుకు?

చాలాసార్లు కారణం మనం మరీ ఎక్కువగా పిలవడమే. జోడు కట్టే కాలంలో అడవి టర్కీ పుంజు అరుస్తుంది, పెట్ట దాని దగ్గరికి నడిచి వెళ్తుంది. వేటగాడేమో పెట్ట గొంతుతో పుంజునే రమ్మంటున్నాడు, అంటే వ్యవహారం తలకిందులు. పిలుపు ఆగకుండా వినిపిస్తుంటే, పెట్టే వస్తుందిలే అని పుంజు ఉన్నచోటే పురి విప్పి నిలబడిపోతుంది.

తెల్లవారుజామున అది చెట్టు మీద ఉండగా రెండు మూడు మెత్తని కూతలు చాలు. బదులిచ్చిందా, ఇక గమ్మున ఉండండి. గాలి రోజుల్లో, దూరానికి చెక్క పెట్టె మీద మూత రుద్ది కూత పుట్టించే బాక్స్ కాల్ మంచిది. దగ్గరికొచ్చాక పలక మీద పుల్లతో గీసే స్లేట్ కాల్ నయం. తుపాకీ ఎత్తేవేళ చేతులు ఖాళీగా ఉండాలంటే మాత్రం నోట్లో పెట్టుకుని కూసే డయాఫ్రమ్ కాల్ నేర్చుకోవాల్సిందే. మొదట్లో వాంతి వచ్చేలా ఉంటుంది లెండి.

పొద్దున్నే పెట్టలు చుట్టూ ఉన్న పుంజు మీ మాట వినదు. 9, 10 గంటలు దాటాక పెట్టలు గుడ్లు పెట్టడానికి గూళ్లకు పోతాయి. అప్పుడు మళ్లీ పిలవండి.

మీకే పెట్ట కూత వినిపిస్తే అటువైపు పాకుతూ వెళ్లకండి, అది ఇంకో వేటగాడు కావచ్చు. ఎరుపు, తెలుపు, నీలం బట్టలూ వద్దు. అవి పుంజు తల రంగులు.